కవర్ పనిని చివరి వారానికి వదలొద్దు

ఎడిటర్ గారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ పత్రికలో సొంతంగా ఆల్బమ్‌లు చేసుకునే ఇండీ కళాకారుల గురించి వచ్చిన వ్యాసం మొదటి నుంచి చివరి దాకా చదివాను. రికార్డింగ్ గురించి, గొంతునీ వాయిద్యాలనీ సరిచూసి కలిపే మిక్సింగ్ గురించి, పాటని ఆన్‌లైన్‌లో పెట్టే పద్ధతుల గురించి చాలా ఓపిగ్గా రాశారు. కానీ ప్యాకేజింగ్ దగ్గరికొచ్చేసరికి ఒక్క వాక్యంతో తేల్చేశారు. ఈ రోజుల్లో కవర్ అంటే ఫోన్‌లో కనిపించే చిన్న బొమ్మే కాబట్టి రిలీజ్‌కి ముందు వారంలో చూసుకుంటే సరిపోతుందని. నేను పదకొండేళ్లుగా ఇలాంటి కళాకారులకే కవర్లు, బుక్‌లెట్లు, క్యాసెట్ పెట్టెలో మడిచి పెట్టే కార్డులు డిజైన్ చేస్తున్నాను. ఆ సలహా నమ్ముకుని చివరి వారంలో నా దగ్గరికి వచ్చినవాళ్లు ఎంత టెన్షన్ పడతారో, డబ్బు ఎలా పోగొట్టుకుంటారో దగ్గర నుంచి చూశాను. అందుకే ఈ ఉత్తరం. కొంచెం పొడుగైనా దయచేసి వేసుకోండి.

ముందు ఆ చిన్న బొమ్మ సంగతి. అది ముఖ్యమే, కాదనను. పాటల యాప్‌లకి సాధారణంగా 3000 పిక్సెల్స్ పొడవు, అంతే వెడల్పు ఉన్న చదరపు బొమ్మ పంపిస్తాం, చివరికి అది చూసేవాళ్ల ఫోన్‌లో బొటనవేలు గోరంత కనబడుతుంది. అందుకే ఏ కవర్ చేసినా స్క్రీన్ మీద దాన్ని గోరంత చేసి చూస్తాను, అప్పుడు కూడా ఏదో ఒక ఆకారం నిలబడితేనే ముందుకెళ్తాను. కానీ సీడీయో, ఎల్పీయో (పెద్ద వినైల్ రికార్డు), క్యాసెట్టో కొనే మనిషి ఎవరో ఒక్కసారి ఆలోచించండి. ఆ మనిషి పాటలన్నీ అప్పటికే ఫోన్‌లో విని ఉంటాడు. ప్రోగ్రామ్ అయిపోయాక నిలబడి, కళాకారుడి చేతిమీదుగా ఆ వస్తువు కొనుక్కుంటున్నాడు. పాట కోసమే అయితే కొనక్కర్లేదు, అది ముందే అతని దగ్గర ఉంది. అంత ప్రేమతో వచ్చిన మనిషి చేతిలో, ఫోన్ బొమ్మనే పెద్దది చేసి అట్ట మీద అచ్చేసి పెడితే అతనికి తెలిసిపోతుంది. నోటితో ఏమీ అనడు, ఇంటికెళ్లి అల్మరాలో పెట్టేస్తాడు, మళ్లీ తీయడు.

అసలు ఆల్బమ్ అనే మాటే ప్యాకేజింగ్ నుంచి వచ్చింది. నిమిషానికి 78 సార్లు తిరిగే పాత 78 ఆర్పీఎం రికార్డుల కాలంలో ఒక్కో వైపు మూడు నాలుగు నిమిషాలే పట్టేది కాబట్టి పెద్ద రచన ఏదైనా వినాలంటే నాలుగైదు రికార్డులు కావాలి. వాటిని ఫోటోల ఆల్బమ్ లాగా బైండు చేసి అమ్మేవాళ్లు. పైన సాదా అట్ట, వెన్ను మీద పేరు, అంతే. 1940లో కొలంబియా రికార్డ్స్‌లో పనిచేస్తున్న అలెక్స్ స్టైన్‌వైస్ అనే కుర్ర డిజైనర్ ఆ అట్టల మీద బొమ్మలు వేయించడం మొదలుపెట్టాడు. 1948లో ఎల్పీ వచ్చాక నాలుగైదు రికార్డుల పని ఒకే రికార్డు చేసేసింది, అట్టల పుస్తకం పోయింది, పేరు మాత్రం మిగిలింది.

ఇంకొకాయన గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే ఇండీ వాళ్లు నేర్చుకోవాల్సింది ఆయన దగ్గరే ఎక్కువ ఉందని నా నమ్మకం. బ్లూ నోట్ అనే జాజ్ కంపెనీకి 1950లు, 60లలో రీడ్ మైల్స్ అనే డిజైనర్ వందల కవర్లు చేశారు. కంపెనీ చిన్నది, డబ్బు తక్కువ. చాలా వాటిల్లో ఉండేది ఒక నలుపు తెలుపు ఫోటో, పక్కన ఒకటో రెండో రంగులు, పెద్ద పెద్ద అక్షరాలు. ఫోటోలు ఎక్కువగా ఆ కంపెనీలోనే భాగస్వామి అయిన ఫ్రాన్సిస్ వుల్ఫ్ రికార్డింగ్ జరుగుతుండగా తీసినవి. మైల్స్‌కి జాజ్ మీద పెద్ద ఆసక్తి లేదు, పాశ్చాత్య శాస్త్రీయ సంగీతం వినేవారు. అయినా ఆ కవర్లు సంగీతానికి అంతగా అతికినట్టు ఉన్నాయంటే కారణం, కంపెనీ పెట్టిన ఆల్ఫ్రెడ్ లయన్ ఒక్కో రికార్డు ఎలా ఉంటుందో, దాని మూడ్ ఏమిటో ఆయనకి చెప్పేవారు. అంటే మాట్లాడుకునేవాళ్లు! ఆ మాటలకి డబ్బు అక్కర్లేదు, టైమ్ కావాలి. చివరి వారంలో లేనిది అదే.

చివరి వారంలో నాకొచ్చే మెసేజ్ ఎప్పుడూ ఒకేలా ఉంటుంది. పాటలన్నీ రెడీ, కవర్ ఒక్కటే మిగిలింది, శుక్రవారానికి ఇవ్వగలరా అని. సీడీయా, ఎల్పీయా, క్యాసెట్టా అని అడిగితే ముందు బొమ్మ చేసేయండి, తర్వాత చూద్దాం అంటారు. కష్టమంతా అక్కడే మొదలవుతుంది. ఎల్పీ కవర్ ఒక వైపు దాదాపు 315 మిల్లీమీటర్లు, సీడీ బుక్‌లెట్ 120, రెండూ చదరాలే. క్యాసెట్ కార్డు ముందు భాగం మాత్రం నిలువుగా, సన్నగా ఉంటుంది. చదరంలో అందంగా కూర్చున్న ఫోటోని నిలువుగా కోస్తే చెవులు పోతాయి, వాయిద్యం సగం పోతుంది. ఎల్పీ మీద చక్కగా చదవగలిగే పాటల పట్టిక సీడీ వెనక్కి వచ్చేసరికి చీమల బారు. ఏ రూపంలో రాబోతోందో తెలియకుండా బొమ్మ గీయడమంటే, కొలత తీసుకోకుండా బట్ట కత్తిరించడమే.

నేనైతే కంప్యూటర్ తెరవకముందు తెల్ల కాగితంతో డమ్మీ చేస్తాను. సరిగ్గా అసలు సైజులో, మడతలతో సహా. పాటలు, ఫైనల్ మిక్స్ కాకపోయినా ఫర్వాలేదు, పెట్టుకుని వింటూ ఆ ఖాళీ కవర్‌ని తెరుస్తూ మూస్తూ కూర్చుంటాను. ముందు ఏం కనబడుతుంది, తెరవగానే ఎడమ చేతి వైపు ఏముంటుంది, డిస్క్ తీసేశాక దాని కింద ఖాళీగా కనబడే గుండ్రటి చోటు ఏం చేస్తుంది, బుక్‌లెట్ బయటికి లాగితే మొదట కంటికి ఏం తగులుతుంది. ఒక ఆల్బమ్‌లో చివరి పాట చాలా నిశ్శబ్దంగా, ఊపిరి వినబడేంత దగ్గరగా ఉంది. డిస్క్ కింద ఆ పాటలోని ఒక్క పాదం మాత్రం, పాడిన అమ్మాయి సొంత చేతిరాతలో పెట్టాం. డిస్క్ ప్లేయర్‌లోకి వెళ్లాకే అది కనబడుతుంది. ఆ ఆలోచన డమ్మీ పట్టుకుని నాలుగో రోజు వింటుంటే వచ్చింది. మొదటి రోజు వచ్చి ఉండేది కాదు.

ఆ తర్వాత తయారుచేసే ఫ్యాక్టరీ నుంచి టెంప్లేట్ తెప్పించుకోవాలి. ఎక్కడ కోస్తారు, ఎక్కడ మడుస్తారు, ఎక్కడ జిగురు పెడతారు అన్నీ గీతలతో అందులో ఉంటాయి. ఒక ఫ్యాక్టరీ టెంప్లేట్ ఇంకో ఫ్యాక్టరీకి అచ్చంగా సరిపోదు, పాత ఆల్బమ్‌కి వాడిందే మళ్లీ వాడేసి దెబ్బతిన్నవాళ్లు ఉన్నారు. కోత గీత దాటి 3 మిల్లీమీటర్లు బొమ్మని బయటికి వదలాలి, లేకపోతే కటింగ్‌లో ఒక వెంట్రుక అటూ ఇటూ అయినా అంచున తెల్ల చార కనబడుతుంది. మామూలు సీడీ పెట్టె వెనక కార్డుకి రెండు వైపులా సన్నటి వెన్నులు ఉంటాయి, ఒక్కొక్కటి ఆరున్నర మిల్లీమీటర్లే. అంత సన్నటి చోటుని చాలామంది మర్చిపోతారు కానీ, షెల్ఫ్‌లో పెట్టాక ఆ ఆల్బమ్ బతికినన్నాళ్లూ బయటికి కనబడేది అదొక్కటే. బుక్‌లెట్‌కి సెంటర్ పిన్ కొట్టాలంటే పేజీలు నాలుగు చొప్పున పెరగాలి: ఎనిమిది, పన్నెండు, పదహారు. పదో పేజీతో అయిపోయింది అంటే కుదరదు.

రంగుల విషయంలోనూ చివరి వారం చాలా మందిని ముంచుతుంది. స్క్రీన్ వెలుగుతో రంగు చూపిస్తుంది, కాగితం ఇంకుతో చూపిస్తుంది. ఫోన్‌లో మెరిసిపోయే ఆ నీలం, ఆ పచ్చటి నియాన్ నాలుగు రంగుల అచ్చులో రావు, మసకబారతాయి. పైన పూత (కోటింగ్) లేని మామూలు కాగితం ఇంకు తాగేస్తుంది, చీకట్లో తీసిన ఫోటో ఇంకా నల్లబడి ముఖాలే కనబడవు. చిన్న అక్షరాలు నలుపు ఒక్కదానితోనే అచ్చవ్వాలి, నాలుగు రంగులూ కలిపితే రంగుకొకటి చొప్పున ఉండే అచ్చు ప్లేట్లు కాస్త కదిలినా అక్షరం చుట్టూ రంగు నీడలు వస్తాయి. నల్లటి నేల మీద సన్నటి తెల్ల అక్షరాలైతే ఇంకు పాకి పూడుకుపోతాయి. తెలుగు అక్షరాలతో ఇంకో జాగ్రత్త కూడా ఉంది, ఫాంట్‌ని ఔట్‌లైన్స్‌గా, అంటే గీసిన ఆకారాలుగా, మార్చి పంపకపోతే అవతల ఫైల్ తెరిచినప్పుడు వత్తులన్నీ విడిపోయి పక్కన నిలబడొచ్చు. ఇవన్నీ కాగితం మీద తీసిన ప్రూఫ్, అంటే నమూనా అచ్చు, చూస్తే పట్టుకోగలిగే తప్పులే. శుక్రవారానికి కావాలన్నవాళ్లకి ప్రూఫ్ చూసే రోజు ఎక్కడిది?

ఇప్పుడు నా సొంత తప్పు ఒకటి చెబుతాను, ఇప్పటికీ బాధపడుతుంటాను. ఒక గాయకుడి మొదటి ఆల్బమ్. రిలీజ్ డేట్ ఇచ్చేశారు, నాలుగు రోజులు ఉంది. బొమ్మ మీద, రంగుల మీద మూడు రోజులు పెట్టాను. క్రెడిట్స్ మాత్రం అర్ధరాత్రి ఫోన్‌లో వచ్చిన ఒక పొడుగాటి మెసేజ్ చూసి టైప్ చేశాను. ఆ మెసేజ్ తర్వాత ఒక పేరు విడిగా ఇంకో మెసేజ్‌లో వచ్చింది, నేను చూడలేదు, ఆయనా చూడలేదు. రిలీజ్ రోజున రెండు పాటలకి వయోలిన్ వాయించిన అమ్మాయి వాళ్ల అమ్మానాన్నలతో వచ్చింది, బుక్‌లెట్ తెరిచి ఒకసారి చూసింది, మళ్లీ మొదటి నుంచి పేజీలు తిప్పింది. తన పేరు ఎక్కడా లేదు. వాళ్ల నాన్నగారు ఏ పేజీలో ఉందమ్మా అని అడుగుతూనే ఉన్నారు. మర్నాడు స్టిక్కర్లు అచ్చేయించి మిగిలిన కాపీలన్నింటికీ నా చేత్తో అతికించాను కానీ, ఆ రోజు అమ్ముడైపోయిన కాపీల్లో తన పేరు ఇప్పటికీ లేదు. ఆ తర్వాత నుంచి ఎవరు వచ్చినా నేను మొదట అడిగేది బొమ్మ గురించి కాదు, పేర్లు.

ఎందుకంటే ఆ పేర్లకి ఇంకెక్కడా చోటు లేదు. ఫోన్‌లో గాయకుడి పేరు కనబడుతుంది, రెండు మూడు చోట్ల నొక్కితే రాసినవాళ్లవి, స్వరపరిచినవాళ్లవి దొరకవచ్చు. ఏ పాటకి ఎవరు వాయించారు, ఎవరు రికార్డ్ చేశారు, ఎవరు మాస్టరింగ్ (మిక్సింగ్ అయ్యాక చేసే ఆఖరి మెరుగు) చేశారు, ఆ ఫోటో ఎవరు తీశారు, గది ఇచ్చిన స్నేహితుడు ఎవరు, ఇవన్నీ ఒక్కచోట, చెరిగిపోకుండా ఉండేది ఆ అట్ట మీదే. వెనకవైపు వలయంలో పీ, వలయంలో సీ అని రెండు గుర్తులు ఉంటాయి చూడండి. మొదటిది రికార్డింగ్ హక్కు ఎవరిదో చెబుతుంది, 1961 నాటి రోమ్ ఒప్పందంలో వచ్చిన గుర్తు అది. రెండోది సాహిత్యం, బొమ్మలు, రాతల కాపీరైట్. సొంత డబ్బుతో రికార్డ్ చేసుకున్న కళాకారులు కూడా అక్కడ ఎవరి పేరు వేయాలో తెలియక ఖాళీగా వదిలేయడం, వేరేవాళ్ల పేరు వేసేయడం చూశాను. ఇది హడావుడిలో తేల్చే విషయమా? ఫోటో తీసింది ఫ్రెండే అయినా సరే వాడుకోవడానికి ఒప్పుకున్నట్టు ఒక ముక్క రాయించుకోవాలి, దానికీ నాలుగు రోజులు కావాలి. (బార్‌కోడ్ గురించి కూడా ఒక మాట. కవర్ ఎరుపు కదా అని తెలుపు మీద ఎర్ర గీతలు పెట్టకండి, స్కానర్ వెలుగు ఎక్కువగా ఎరుపే కాబట్టి దానికి ఆ గీతలు కనబడవు.)

డబ్బు లేదు అనేది నేను ఎక్కువగా వినే మాట, అది నిజమే, ఇండీ వాళ్ల దగ్గర నిజంగానే ఉండదు. కానీ టైమ్ ఉంటే తక్కువ డబ్బుతో చాలా చేయొచ్చు. బుక్‌లెట్ బదులు ఒకే పెద్ద కాగితాన్ని మడిచి పెట్టొచ్చు, విప్పితే వెనక పోస్టర్ అవుతుంది. నాలుగు రంగుల బదులు మంచి మందపాటి అట్ట మీద ఒకే రంగు కొట్టొచ్చు. తక్కువ కాపీలైతే రబ్బర్ స్టాంప్ వేసి, చేత్తో నంబర్లు రాయొచ్చు, కొన్నవాళ్లు ఆ నంబర్‌ని ఎంత అపురూపంగా చూసుకుంటారో! మెరుపు ఫాయిల్ లాంటి వాటికి పెట్టే డబ్బు కాగితానికి పెట్టమని చెబుతాను, వేళ్లకి మొదట తగిలేది అదే. చివరి వారంలో వస్తే ఇవేవీ చేయలేం, అర్జెంట్ ఛార్జీ కట్టి, ఉన్న మామూలు పెట్టెలో ఉన్న మామూలు కాగితం పెట్టి ఇవ్వాల్సిందే. ఎల్పీ సంగతైతే ఇంకా కష్టం. మధ్యలో ఉండే గుండ్రటి లేబుల్‌ని జిగురుతో అతికించరు, ప్రెస్‌లో వేడికి, ఒత్తిడికి ప్లాస్టిక్‌తో పాటే కలిసిపోతుంది, అందుకని ముందే అచ్చేసి, తేమ లేకుండా ఓవెన్‌లో ఎండబెట్టుకుంటారు. లేబుల్ రాకపోతే రికార్డే నొక్కరు. అంటే కవర్ పని ఆలస్యమైతే పాట కూడా ఆగిపోతుంది.

అందుకే ఇండీ కళాకారులకి నేను చెప్పేది ఒకటే, మిక్సింగ్ మొదలైన రోజే డిజైనర్‌తో కూడా మాట్లాడండి. మాస్టరింగ్ జరిగే వారాల్లో మీ చేతిలో ఎలాగూ పని ఉండదు, ఆ వారాలు డమ్మీకి, పేర్లకి, ప్రూఫ్‌కి సరిపోతాయి. కనీసం ఆరు వారాలు లేకపోతే నేను ఇప్పుడు పని ఒప్పుకోవడం లేదు, దానివల్ల కొన్ని పనులు పోయాయి కూడా.

మీ పత్రికని అడిగేది కూడా ఒకటుంది. వారం వారం కొత్త ఆల్బమ్‌ల మీద రివ్యూలు వేస్తున్నారు, పక్కనే కవర్ ఫోటో కూడా వేస్తున్నారు. ఆ ఫోటో కింద ఒక్క లైను, కవర్ డిజైన్ ఎవరిది, ఫోటో ఎవరు తీశారు అని వేయండి. ఆ వివరాలు కాపీ వెనకే ఉంటాయి, లేకపోతే కళాకారుడిని అడిగితే చెబుతారు. మీరు అడగడం మొదలుపెడితే వాళ్లు కూడా ఆ పేర్లు ముందే రాసిపెట్టుకుంటారు.

ఈ ఉత్తరం రాస్తుంటే నా బల్ల మీద ఒక క్యాసెట్ కార్డు ప్రూఫ్ ఉంది, పందొమ్మిది మంది పేర్లు. రేపు సాయంత్రం ఆ గాయని వచ్చి ఒక్కొక్క పేరూ పైకి చదువుతుంది, నేను పెన్సిల్‌తో టిక్కు పెట్టుకుంటాను. రిలీజ్‌కి ఇంకా మూడు వారాలుంది.

ఇట్లు,
మీ పాఠకురాలు, ఒక గ్రాఫిక్ డిజైనర్