వీడియో తీసేవాళ్లకి మన ఇంటి మాట వచ్చా?

సంపాదకులకు నమస్కారం.

మాఘమాసంలో ముహూర్తాలు పెట్టుకున్నవాళ్లు కల్యాణ మండపం, వంటవాళ్లు, సన్నాయి మేళం అన్నీ ఈపాటికే మాట్లాడేసుకుని ఉంటారు. ఇక మిగిలేది వీడియోవాళ్లు. దాని గురించే ఈ ఉత్తరం. మాది బరంపురం. ఒడిశాలో ఉన్నాం కాబట్టి మా ఊసు తెలుగు పత్రికల్లో అరుదుగానే వస్తుంది. కానీ ఇచ్ఛాపురం దాటి కాస్త ముందుకొస్తే మా ఊరే. గంజాం, గజపతి, రాయగడ, కోరాపుట్ జిల్లాల్లో ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా మాట్లాడే కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. మా పెళ్లిళ్లు కూడా అలాగే జరుగుతాయి, పురోహితుడి మంత్రం ఒక పక్క, ఒడియా ఆడవాళ్లు నోటితో చేసే మంగళధ్వని, హుళహుళి, ఒక పక్క. ఇక పెళ్లికూతురు ఒక ఇంటిది, పెళ్లికొడుకు ఇంకో భాష ఇంటివాడు అయితే చెప్పనే అక్కర్లేదు.

ఇప్పుడు అందరూ చేసేదేమిటంటే ఇన్‌స్టాగ్రామ్‌లో మూడు నిమిషాల టీజర్ చూసి, బాగుంది కదా అని అడ్వాన్స్ ఇచ్చేయడం. ఆ టీజర్లో గోపాల్‌పూర్ బీచ్ ఉంటుంది, వెనకాల లైట్‌హౌస్ ఉంటుంది, లేదంటే జిరంగ బౌద్ధ మందిరం మెట్ల మీద నుంచి స్లో మోషన్‌లో ఇద్దరూ దిగి వస్తుంటారు, రంగుల పొగ, డ్రోన్, ఒక సినిమా పాట. తప్పేం లేదు, చూడ్డానికి బాగుంటుంది. కానీ ఆ ఇద్దరి మొహాలు తీసేసి వేరే ఇద్దర్ని పెట్టినా వీడియో అలాగే ఉంటుంది. టీజర్ చూస్తే కెమెరా మంచిదా కాదా అన్నది తెలుస్తుంది, అంతే. ఆ పట్టే మనిషికి ఎప్పుడు ఎటు చూడాలో తెలుసా లేదా అన్నది తెలియదు. అది తెలియాలంటే ఒక పెళ్లి పూర్తి వీడియో, గంటన్నరో రెండు గంటలో ఎంతుంటే అంత, మొదటి నుంచి చివరిదాకా పెట్టమని అడగాలి, అదీ మనలాంటి ఇంటి పెళ్లిదే. చూపించడానికి నసిగితే నేనైతే ఇంకో చోటికి వెళ్తాను.

ఎందుకింత పట్టింపు అంటే ఒకటి చెప్తాను. మా బంధువుల్లో ఒక పెళ్లి. ముహూర్తం రాత్రి బాగా పొద్దుపోయాక. ఫొటో, వీడియో అంతా భువనేశ్వర్ నుంచి వచ్చిన టీమ్. కుర్రాళ్లు మంచివాళ్లే, పని వచ్చినవాళ్లే. కానీ వాళ్ల లెక్కలో తాళి కట్టడమే అసలు ఘట్టం. దానికింకా టైముందని పెద్ద కెమెరా పట్టుకున్న అబ్బాయి బ్యాటరీ మార్చుకోవడానికి స్టేజి దిగాడు. ఇటు సన్నాయి ఒక్కసారిగా ఊపందుకుంది, అడ్డుతెర దించేశారు, ఇద్దరూ ఒకరి తల మీద ఒకరు జీలకర్ర బెల్లం పెట్టుకుని మొదటిసారి ఎదురెదురుగా చూసుకున్నారు, ఆ అమ్మాయి నవ్వాపుకోలేక కింది పెదవి కొరుక్కుంది. అక్కడున్న మేమందరం చూశాం. వీడియోలో మాత్రం అది లేదు. ఆ చోట పైకప్పుకి కట్టిన పూలు, ఎవరో పిల్లాడు ఐస్‌క్రీం తినడం ఉన్నాయి. సుముహూర్తం అంటే మనకి జీలకర్ర బెల్లమే అని ఆ కుర్రాడికి ఎవరూ చెప్పలేదు, అతనూ అడగలేదు.

అలాగని విశాఖపట్నం నుంచి తెలుగువాళ్లని పిలిపిస్తే సరిపోతుందనుకోకండి. ఇంకో పెళ్లిలో అమ్మాయి వాళ్లది ఒడియా కుటుంబం. వాళ్లలో సళా బిధా అని ఒక సరదా తంతు ఉంది, పెళ్లికూతురి తమ్ముడు వచ్చి బావగారి వీపు మీద ఒక్క గుద్దు గుద్దుతాడు, చుట్టూ ఉన్నవాళ్లు ఈలలు, కేకలు. విశాఖ నుంచి వచ్చిన కెమెరామన్ ఇదేదో గొడవ అనుకున్నాడు పాపం, మర్యాద తెలిసినవాడు కదా, కెమెరా దించేసి పక్కకి జరిగిపోయాడు! ఆ పిల్లాడు ఆ గుద్దు కోసం పొద్దుట్నుంచి ఎదురుచూశాడు.

కాబట్టి ఊరు కాదు ముఖ్యం. పెళ్లికి ముందు ఒకసారి ఇంటికొచ్చి, రెండు వైపుల పెద్దవాళ్ల దగ్గరా కూర్చుని, అమ్మా మీలో ఏది ముందు, ఏది తర్వాత, ఎవరు ఎక్కడ నిలబడతారు అని అడిగి రాసుకునేవాళ్లు కావాలి. పురోహితుడికి ఫోన్ చేసి మాట్లాడుకునేవాళ్లయితే మరీ మంచిది, ముహూర్తం వేళ పంతులుగారిని పక్కకి జరగండి అని కసిరే బాధ ఉండదు. (ఇది కూడా చూశాం. తాళి మళ్లీ ఒకసారి కట్టినట్టు పెట్టండి, ఇందాక ఫోకస్ రాలేదు అన్నవాళ్లనీ చూశాం.)

ఇప్పుడు అందరూ మర్చిపోయే విషయం, ధ్వని. చాలామంది వీడియోవాళ్లు లైవ్‌లో రికార్డయిన మాటంతా తీసేసి మొత్తం మీద పాటలు పరిచేస్తారు. నలుగు పెట్టేటప్పుడు మా పెద్దమ్మలు పాడే పాటలు, మంగళహారతులు, అప్పగింతలప్పుడు తల్లి ఏదో చెప్పబోయి చెప్పలేక ఆగిపోయిన మాట, అన్నీ ఆ పాటల కింద సమాధి. రాత్రి ముహూర్తానికి డ్రోన్ లేపితే సన్నాయి కంటే దాని రొదే ఎక్కువ వినిపిస్తుంది. అందుకని కాలర్ మైకులు ఎన్ని తెస్తారు, పంతులుగారికి ఒకటి పెడతారా, పెళ్లికొడుక్కి ఒకటి పెడతారా, సౌండ్ వేరే రికార్డర్‌లో తీస్తారా అని కచ్చితంగా అడగండి. కెమెరా మోడల్ ఏమిటని అడిగేవాళ్లు వందమంది, ఇది అడిగేవాళ్లు నాకు తెలిసి ఎవరూ లేరు. పైగా సినిమా పాటలు వేసిన వీడియో సోషల్ మీడియాలో పెడితే కాపీరైట్ పేరుతో సౌండ్ తీసేయడం మామూలే, అప్పుడు మూగ వీడియో మిగులుతుంది.

ఇంకా లోతుకి వెళ్తే అసలు ప్రశ్న ఎడిటింగ్ ఎవరు చేస్తారన్నది. తీసేది ఒకరు, కోసేది ఇంకొకరు. బరంపురంలో కెమెరా పట్టేవాళ్లలో చాలామందికి రెండు భాషలూ వచ్చు, ఆ ఇబ్బంది లేదు. కానీ ఫుటేజీ అంతా హార్డ్ డిస్కులో వేసి వేరే నగరంలో ఎక్కడో కూర్చున్న ఎడిటర్‌కి పంపిస్తారు, ఆయనకి తెలుగు రాదు, లేదా ఒడియా రాదు. అర్థంకాని మాటని ఎవరైనా ఏం చేస్తారు, కత్తిరించి అవతల పడేస్తారు. బొమ్మ బాగున్నవి ఉంచుతారు, మాట బాగున్నవి పోతాయి.

మా మేనకోడలి పెళ్లికి వీడియో తీయడానికి కుదిరినతను మాత్రం దీనికి పూర్తిగా వేరు. పర్లాకిమిడి కుర్రాడు, పెద్ద స్టూడియో ఏం లేదు, తనే తీసి తనే ఎడిట్ చేస్తాడు. విడిది ఇంట్లో టిఫిన్ల వేళ పెళ్లికొడుకు తాతగారికి ఊరికే ఒక మైకు పెట్టి, తాతగారూ మీ పెళ్లి ఎలా జరిగింది అన్నాడంతే. ఆయన ఎనభై దాటినవారు. పర్లాకిమిడిని ఒడిశాలో కలిపిన 1936 నుంచి మొదలుపెట్టారు. "మా నాన్న పుట్టింది మద్రాసు ప్రెసిడెన్సీలో, నేను పుట్టింది ఒరిస్సాలో, ఇల్లు మాత్రం అదే ఇల్లు. పెళ్లాన్ని తెచ్చుకుంది టెక్కలి నుంచి, మళ్లీ ఆంధ్రా" అని నవ్వారు. చేతిలో ఇడ్లీ ప్లేటు అలాగే ఉంది, చట్నీ చొక్కా మీద పడుతోంది, పక్కన మామ్మగారు తుడుస్తూ "ముందు తినండి" అని విసుక్కుంటున్నారు. పెళ్లికొడుకు ఈ మాటలు వీడియోలోనే మొదటిసారి విన్నాడట.

పెద్దలు కుదిర్చిన పెళ్లికి కథేముంటుంది, ప్రేమ పెళ్లయితే చెప్పుకోవచ్చు అంటారు కొందరు. మా మేనకోడలిది పెద్దలు కుదిర్చినదే. ప్రేమ పెళ్లి సంగతి కూడా చెప్తాను. తెలిసినవాళ్లబ్బాయి, ఆ అమ్మాయి నౌపడా - గుణుపురం రైల్లో పరిచయమయ్యారు, ఇద్దరూ గుణుపురంలో చదువు. 1900లో పర్లాకిమిడి రాజావారి హయాంలో మొదలైన లైనది, చిన్న బండి పోయి 2011లో బ్రాడ్‌గేజ్ అయింది. వాళ్లు ప్రీ వెడ్డింగ్‌కి గోపాల్‌పూరే అనుకున్నారు, అందరూ వెళ్తారు కదా అని. వీడియో అతనే మీరు ఎక్కడ మాట్లాడుకునేవారు అని అడిగి, స్టేషన్ బయట వాళ్లు టీ తాగే బడ్డీ దగ్గరికి తీసుకెళ్లాడు. బడ్డీ ఆవిడ వీళ్లని గుర్తుపట్టి, "ఇన్నాళ్లూ విడివిడిగా డబ్బులిచ్చేవారు, ఇప్పుడు ఒక్కరే ఇస్తారా" అంది. లక్ష పోసినా స్క్రిప్ట్ రాసి ఆ మాట అనిపించలేరు. ఈ మధ్య కొందరు నిజంగానే స్క్రిప్ట్ రాస్తున్నారు, వధూవరులకి డైలాగులు ఇచ్చి బట్టీ పట్టిస్తున్నారు, దానికి స్టోరీ ప్యాకేజీ అని వేరే రేటు కూడా. ఆ ప్యాకేజీ జోలికి వెళ్లకండి. ఇద్దర్నీ విడివిడిగా, వాళ్ల ఇంట్లో, పెళ్లి టెన్షన్ మొదలవక ముందు, వాళ్లకి వచ్చిన భాషలో కూర్చోబెట్టి మాట్లాడిస్తే చాలు.

ఒప్పందం గురించి కూడా రాయాలి, నోటిమాట మీద నడిపిస్తున్నారు చాలామంది. పనులు చూపించినాయనే స్వయంగా వస్తారా, మనిషిని పంపిస్తారా అన్నది కాగితం మీద రాయించుకోండి. ఫైనల్ వీడియో ఎప్పటికిస్తారు, మార్పులు ఎన్నిసార్లు చేస్తారు, రా ఫుటేజీ (ఎడిట్ చేయకుండా తీసింది తీసినట్టు ఉన్న వీడియో) ఇస్తారా లేదా అన్నవీ అంతే. రా ఫుటేజీ అంటే చిన్న విషయం కాదు, ఫోర్‌కేలో సెకనుకి 100 మెగాబిట్ల లెక్కన తీస్తే ఒక్క కెమెరాకే గంటకి 45 జీబీ అవుతుంది, కాబట్టి హార్డ్ డిస్కు మనమే కొనివ్వాలి, రెండు కాపీలు ఉంటే ఇంకా నయం. హక్కుల మాటకొస్తే 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం డబ్బిచ్చి తీయించుకున్న ఫొటోకి, వీడియోకి మొదటి హక్కుదారులు తీయించుకున్నవాళ్లే, వేరేగా ఒప్పందం రాసుకుంటే తప్ప. ఆ వేరేగా రాసిన లైను చాలా ప్యాకేజీ కాగితాల అడుగున చిన్న అక్షరాల్లో ఉంటుంది, మీ అమ్మాయి పెళ్లి వీడియో వాళ్ల ప్రకటనల్లో వాడుకోవచ్చని కూడా అక్కడే ఉంటుంది. ఇష్టం లేకపోతే సంతకానికి ముందే కొట్టేయించండి.

డబ్బు తీసుకుని వీడియో ఇవ్వకుండా తిప్పించేవాళ్లు ఉన్నారు. వాళ్లు విశాఖలోనో హైదరాబాద్‌లోనో ఉన్నారు, రాష్ట్రం దాటి ఎక్కడ తిరగగలం అని మా వైపువాళ్లు వదిలేస్తుంటారు. వినియోగదారుల రక్షణ చట్టం 2019 వచ్చాక మనం ఉంటున్న జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు వేయొచ్చు, ఆన్‌లైన్లో కూడా వేయొచ్చు. అడ్వాన్స్ ఇచ్చిన రసీదు, వాట్సాప్ మెసేజీలు దాచిపెట్టుకోండి, యూపీఐలో పంపితే ఇంకా సుఖం.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
బరంపురం, గంజాం జిల్లా, ఒడిశా