పిల్ల ఇంజన్ని పీకేయకు రా

ఒరేయ్ బావా,

నీ ఉత్తరం నిన్న సాయంత్రం చేతికొచ్చింది. మూడుసార్లు చదివాను. మొదటి రెండుసార్లూ సంతోషంగా చదివాను, మూడోసారి మాత్రం కంగారు పుట్టింది. కాటర్‌పిల్లరు వాళ్ళ పాత డీ7 చైన్ల ట్రాక్టరు దొరికిందన్నావు, సీరియల్ నంబరు 3టీతో మొదలవుతుందన్నావు, చైన్లు ఇంకా కొన్నేళ్ళు వస్తాయన్నావు. బానే ఉంది. కానీ చివర్లో ఒక ముక్క రాశావు చూడు, "ఆ పెట్రోలు ఇంజను పీకేసి, బ్యాటరీలు పెట్టి సెల్ఫ్ మోటారు బిగిద్దామనుకుంటున్నా" అని. ఈ ఉత్తరమంతా ఆ ముక్క కోసమే. తొందరపడి స్పానరు పట్టుకోకముందే ఇది నీకు అందాలని రాత్రే కూర్చుని రాస్తున్నా.

పెద్ద డీజిలు ఇంజన్ని తిప్పి స్టార్టు చేసే ఆ పిల్ల పెట్రోలు ఇంజను అక్కడ ఎందుకుందో ముందు ఆలోచించు. నీ పెద్దింజనుకి నాలుగు సిలిండర్లు. ఒక్కో పిస్టను అయిదుముప్పావు అంగుళాల వెడల్పు, స్ట్రోకు ఎనిమిది అంగుళాలు. అన్నీ కలిపి 13.6 లీటర్లు. డీజిలుకి ప్లగ్గుండదు కదా, గాలిని బిగించి నొక్కితే పుట్టే వేడికే మంట అంటుకోవాలి. అంత ఇనుము చల్లబడి ఉంటే పుట్టిన వేడిని పుట్టినట్టే తాగేస్తుంది. పైగా ఆ కాలపు కాటర్‌పిల్లర్లలో డీజిలు తిన్నగా సిలిండర్లో పడదు. పక్కనున్న చిన్న అరలో మొదట మండి, అక్కణ్ణుంచి సిలిండర్లోకి తన్నుకొస్తుంది. ఆ అర గోడలు కూడా తమ వంతు వేడి లాక్కుంటాయి. అందుకే అది సెల్ఫ్ కొట్టగానే అందుకునే రకం కాదు. నిలకడగా, చాలాసేపు తిప్పాలి. 1931లో డీజిల్ సిక్స్‌టీ ట్రాక్టరు తెచ్చినప్పుడు వాళ్ళు ఈ పనిని బ్యాటరీకి అప్పగించకుండా రెండు సిలిండర్ల పెట్రోలు ఇంజనుకి అప్పగించారంటే కారణం అదే. చలికి బ్యాటరీ సగం చచ్చిపోతుంది, పది నిమిషాలు ఏకధాటిగా తిప్పమంటే పూర్తిగా చస్తుంది. పిల్ల ఇంజనుకి ట్యాంకులో పెట్రోలుంటే చాలు.

దారులు వేరేవీ ఉన్నాయిలే. ఇంటర్నేషనల్ కంపెనీ వాళ్ళ టీడీ డోజర్లలో పెద్దింజన్నే ముందు పెట్రోలు మీద నడిపిస్తారు. దానికి కార్బురేటరూ, ప్లగ్గులూ, వాటికి కరెంటు పుట్టించే మ్యాగ్నెటో అన్నీ ఉంటాయి. ఇంకో వాల్వు తెరిచి కంప్రెషన్ తగ్గిస్తారు, కాస్త వేడెక్కాక లీవరు తిప్పితే డీజిలులోకి మారుతుంది. తెలివైన ఏర్పాటే, కాదనను. కానీ సిలిండరు హెడ్డు విప్పి చూస్తే ఎన్ని చిక్కులో! నాకు మాత్రం పిల్ల ఇంజనే ఇష్టం. 1946లో సోవియట్ చెల్యాబిన్స్క్ ఫ్యాక్టరీ నుంచి వచ్చిన ఎస్-80 ట్రాక్టరుకి కూడా రెండు సిలిండర్ల పెట్రోలు ఇంజనే పెట్టారు. జాన్ డీర్ వాళ్ళయితే 830 ట్రాక్టరుకి ఏకంగా నాలుగు సిలిండర్ల వీ ఆకారపు బుల్లి ఇంజను పెట్టారు. ఇంతమంది ఊరికే పెట్టరు కదా.

అసలు అందం ఇంకోటుంది. రేడియేటరు ఓసారి చూడు, ఒక్కటే ఉంటుంది. పిల్ల ఇంజన్లో తిరిగే నీళ్ళే పెద్దింజన్లోనూ తిరుగుతాయి. చిన్నది నడుస్తున్న కొద్దీ పెద్దదాని ఒళ్ళు వెచ్చబడుతుంది. దాని పొగగొట్టాన్ని కూడా పెద్దింజను గాలి పీల్చే మానిఫోల్డు లోపలినుంచి పోనిచ్చారు, లోపలికెళ్ళే గాలి కూడా వెచ్చబడాలని. నువ్వు బిగిస్తానన్న సెల్ఫ్ మోటారు పెద్దింజన్ని తిప్పుతుంది, అంతే. పిల్ల ఇంజను తిప్పుతూ తిప్పుతూ తల్లిని నిద్రలేపి, ఒళ్ళు కాచి, అప్పుడు నడిపిస్తుంది. నేను దీన్ని ఇంతగా వెనకేసుకొస్తున్నది అందుకు రా.

ఇక స్టార్టింగు. నీ దానికి హ్యాండిలో, తాడో రాయలేదు కాబట్టి రెండూ చెప్తా. అన్నిటికంటే ముందు పిల్ల ఇంజను డిప్‌స్టిక్కు తీసి వాసన చూడు. పెట్రోలు వాసనొస్తే ఆ ఆయిలు మొత్తం దించేయ్. ఆయిలు మట్టం పైకొచ్చినట్టు కనపడినా అంతే. ఇది నేను బాధపడి నేర్చుకున్న సంగతి. నా డీ4ని ఓ సాయంత్రం వాన ముంచుకొస్తోందని ఆదరాబాదరాగా ఆపాను. పిల్ల ఇంజన్ని మ్యాగ్నెటో స్విచ్చితో కట్ చేసి, పెట్రోలు ట్యాపు కట్టకుండా దిగిపోయాను. కార్బురేటర్లో పెట్రోలుని ఆపే ఫ్లోటు సూది సరిగ్గా కూర్చోలేదు. రాత్రంతా పెట్రోలు చుక్కచుక్కగా క్రాంకుకేసులోకి దిగింది. పొద్దున్నే చూసుకోకుండా స్టార్ట్ చేశాను. నాలుగు నిమిషాలు చక్కగా ఆడింది. తర్వాత గొంతు మారింది, గరగరమంది, పట్టేసింది. విప్పి చూస్తే కనెక్టింగ్ రాడ్డు బేరింగు కరిగి క్రాంకుకి అంటుకుపోయి ఉంది. వేలితో ఆయిలు తాకి చూశా, నీళ్ళలా జారిపోయింది. ఆ బేరింగు మళ్ళీ వేసుకోవడానికి రెండు నెలలు పట్టింది. అప్పట్నుంచి పిల్ల ఇంజన్ని ఎప్పుడూ ట్యాపు కట్టేసే ఆపుతా. కార్బురేటర్లో ఉన్నది కాలిపోయేదాకా ఆడి, దానంతటదే ఆగుతుంది. కార్బురేటరు కూడా జిగురు పట్టదు.

తాడయితే దాని ముడిని ఫ్లైవీల్ గాట్లో పెట్టి చుట్టు. నీ చేతికి మాత్రం చచ్చినా చుట్టుకోకు, వేళ్ళతో పట్టుకో చాలు. హ్యాండిలయితే బొటనవేలు కూడా మిగతా వేళ్ళ పక్కనే ఉండాలి, గుప్పిటలా బిగించకూడదు. కిందికి నొక్కకు, పైకి గుంజు. వెనక్కి తన్నిందంటే మణికట్టు విరుగుతుంది. మెల్లగా తిప్పుతుంటే మ్యాగ్నెటోలోంచి టక్ మని వినపడాలి. స్ప్రింగు బిగుసుకుని ఒక్కసారిగా విడిచే చప్పుడది. ఆ టక్ వినపడితే కరెంటు వచ్చే ఆశ ఉన్నట్టే. వినపడకపోతే తాడు లాగి భుజాలు నొప్పి చేసుకోవడం దండగ, మ్యాగ్నెటో విప్పు. ఎక్కువసార్లు లోపల కరెంటుని కలిపి తెంచే పాయింట్లు చిలుమెక్కి ఉంటాయంతే. ఇంకో మాట, ఏళ్ళ తరబడి నిలబడ్డ పిల్ల ఇంజన్లలో వాల్వులు గైడుల్లో పట్టేస్తాయి. ప్లగ్గులు తీసి కాస్త పల్చటి ఆయిలు పోసి, రెండ్రోజులు నాననిచ్చి, తర్వాత చేత్తో తిప్పి చూడు. నీళ్ళు కనపడితే ఆపేయ్, హెడ్డుకి పగులు గానీ గాస్కెట్టు పోవడం గానీ ఉంటుంది.

చిన్నది అందుకుంది అనుకుందాం. వెంటనే పని పెట్టకు. రెండు మూడు నిమిషాలు ఆడనివ్వు, చోక్ పూర్తిగా తీసేసినా నిలకడగా ఆడాలి. పెద్దింజను డీకంప్రెషన్ లీవరు స్టార్టు వైపు పెట్టు. అంటే వాల్వులు కాస్త తెరుచుకునే ఉంటాయి, ఇంజను గాలి నొక్కకుండా తేలిగ్గా తిరుగుతుంది. ఇప్పుడు చిన్నదాని క్లచ్చి విడిపించి, పినియను, అంటే దాని చిన్న పళ్ళచక్రం, తిరగడం పూర్తిగా ఆగేదాకా చూడు. ఆగాకే దాన్ని ఫ్లైవీల్ పళ్ళలోకి తొయ్యి. తిరుగుతుండగా తోశావా, పళ్ళు గీసుకుంటాయి, ఆ గరగర వింటే నా పళ్ళు జివ్వుమంటాయి. పళ్ళు కూర్చున్నాక క్లచ్చి నిదానంగా వెయ్యి. చిన్నదాని గొంతు ఒక్కసారి బరువెక్కుతుంది, పెద్దది బద్ధకంగా కదులుతుంది.

ఇక్కడే అందరూ తొందరపడతారు. నువ్వు పడకు. ఆయిల్ ప్రెషర్ గేజి మీద కన్ను పెట్టు. ముల్లు లేచేదాకా కంప్రెషన్ జోలికి పోవద్దు. చలిగా ఉంటే అయిదు నిమిషాలైనా పడుతుంది, పట్టనివ్వు. ప్రతి బేరింగుకీ ఆయిలు అందాక మొదటి మంట రాజుకుంటుంది. ఆ ఇంజన్లు ఇన్నేళ్ళు బతకడంలో ఈ అలవాటుకి పెద్ద వాటా ఉందని నా గట్టి నమ్మకం. ముల్లు లేచాక లీవరు రన్ను వైపు వెయ్యి. చిన్నది మూలుగుతుంది, చచ్చిపోతుందేమో అనిపిస్తుంది, చావదు. కంప్రెషన్ మీద ఇంకో నిమిషం తిప్పనిచ్చి, అప్పుడు డీజిలు తెరువు. పొగగొట్టంలో మొదట తెల్లగా వస్తుంది, ఒక సిలిండరు దగ్గుతుంది, రెండోది అందుకుంటుంది, తర్వాత నాలుగూ కలుస్తాయి. ఆ వేగానికి పినియను ఠక్ మని తనంతట తానే బయటికొచ్చేస్తుంది. దాని తాళాన్ని లోపలి బరువులు తిరుగుడు వేగానికి విప్పేస్తాయి. ఎన్ని వందలసార్లు విన్నా ఆ ఠక్కు దగ్గర నా మనసు తేలికపడుతుంది. క్లచ్చి తీసి, పెట్రోలు ట్యాపు కట్టెయ్.

అన్నట్టు, ఏళ్ళ తర్వాత మొదటిసారి స్టార్ట్ చేసే ముందు ఫ్యూయల్ పంపు ర్యాకు, అంటే డీజిలు ఎంత పోవాలో తేల్చే కడ్డీ, స్వేచ్ఛగా కదులుతోందో లేదో చేత్తో చూడటం మర్చిపోకు. అది తెరిచినచోటే పట్టేసి ఉంటే ఇంజను అదుపు తప్పి పరిగెడుతుంది. ఈ ఇంజను వెయ్యి తిరుగుళ్ళ దగ్గర పని చేసేది, అంతకు మించి పరిగెడితే లోపలేం జరుగుతుందో ఊహించుకో. గాలి పీల్చే గొట్టం మూసేంత చెక్కముక్క ఒకటి పక్కన పెట్టుకో. తోడుగా ఒక మనిషి ఉండాలి, ఆ మనిషికి చెక్క ఎక్కడ పెట్టాలో తెలిసుండాలి.

నడపడం గురించి ఒక్కటే చెప్తా, మిగతావి నీకు చేతుల్లోనే వస్తాయి. స్టీరింగ్ క్లచ్చిలు తుప్పుకి పట్టేసి ఉండొచ్చు. ఎడమ లీవరు లాగినా బండి తిన్నగానే పోతుంటే ఆశ్చర్యపోకు, వెంటనే ఆపు. అవి బాగున్నా పల్లంలో జాగ్రత్త. చదును మీద ఎడమ లీవరు లాగితే ఎడమకి తిరుగుతుంది. దిగుడులో బరువు బండిని తోస్తున్నప్పుడు, బ్రేకు వెయ్యకుండా అదే లీవరు లాగితే ఎడమ చైను స్వేచ్ఛగా దొర్లిపోతుంది, కుడిదాన్ని ఇంజను పట్టి ఉంచుతుంది, బండి కుడికి తిరుగుతుంది! తెలియనివాడు కంగారులో లీవరు ఇంకా గట్టిగా లాగుతాడు. ముందు చిన్న దిగుడు మీద, చుట్టూ ఏమీ లేనిచోట నాలుగైదుసార్లు చేసి చూడు, ఒంటికి పడుతుంది.

నీ దానికి రంగు బూడిదలా కనిపిస్తోందన్నావు. కాటర్‌పిల్లరు బళ్ళు నిజంగా బూడిద రంగులో వచ్చింది 1931 చివరిదాకానే. నీది తర్వాతి కాలానిది కాబట్టి అడుగున పసుపు ఉంటుంది, లేదా ఎవరో తర్వాత పూశారు. ఓ మూల గీకి చూసి రాయి, నాకూ తెలుసుకోవాలనుంది.

మ్యాగ్నెటో విప్పితే పాయింట్ల మొహాలు ఎలా ఉన్నాయో రాయి, గుంటలు పడ్డాయా, ఉత్త చిలుమేనా అని. కార్బురేటరు ఫ్లోటుని నీళ్ళలో ముంచి చూడు, బుడగలొస్తే చిల్లు పడ్డట్టే. ప్లగ్గుల్లో ఆయిలు పోయడం మాత్రం రేపే మొదలెట్టు, నాననీ. నేను వచ్చేవారం బయల్దేరి వస్తున్నా. నా తాడు నేనే తెచ్చుకుంటా. అప్పటిదాకా పిల్ల ఇంజన్ని బండికి బిగించిన బోల్టు ఒక్కటి కూడా విప్పకు.

నీ బావ