ఆటల ఫారంలో ఏదీ దాచకండి

తల్లిదండ్రులకు నమస్కారం.

ఆటల పోటీల ప్రాక్టీస్ మొదలవుతోంది. పిల్లల చేత పంపిన హెల్త్ ఫారాలు చాలావరకు తిరిగొచ్చాయి. దాదాపు అన్నిటిలోనూ ‘ఏ జబ్బూ లేదు’ అనే ఉంది. అది అందరి విషయంలో నిజం కాదని మా పీఈటీ (ఆటల టీచర్) గారికీ, నాకూ తెలుసు. ఆయాసం ఉందని రాస్తే టీమ్‌లోంచి తీసేస్తారేమోనని, ఫిట్స్ ఉన్నాయంటే, అందులోనూ ఆడపిల్లకు, నలుగురూ ఏమనుకుంటారోనని మీ భయం. ఆ ఫారం నేను, పీఈటీ, క్లాస్ టీచర్ తప్ప ఎవరూ చూడరు. డాక్టర్ వద్దంటే తప్ప జబ్బుందని ఏ బిడ్డనూ ఆట మాన్పించం.

క్రికెట్ చూసే నాన్నలకు వసీం అక్రమ్ గుర్తుండే ఉంటాడు. 1997లో అతనికి షుగర్ బయటపడింది. ఇన్సులిన్ తీసుకుంటూనే ఆడి, 2003 వరల్డ్ కప్‌లో వన్డేల్లో 500 వికెట్లు తీసిన తొలి బౌలర్ అయ్యాడు. మన పిల్లలూ ఆడగలరు. కాకపోతే పక్కనున్న టీచర్‌కు సంగతి తెలియాలి. కబడ్డీ మధ్యలో పిల్లాడికి చెమటలు పట్టి, చేతులు వణుకుతూ, ఊరికే చిరాకు పడుతుంటే ఎవరైనా అలసట అనే అనుకుంటారు. షుగర్ ఉందని తెలిస్తే, రక్తంలో చక్కెర పడిపోయిందని గ్రహించి, స్పృహలో ఉండగానే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగిస్తాం. తెలియకపోతే ‘కాసేపు కూర్చో నాన్నా’ అని ఊరుకుంటాం.

ఇన్‌హేలర్ అలవాటైపోతుందని చాలామంది అమ్మలు నాతో అంటుంటారు. ఆ మాట నిజం కాదు. మందు నేరుగా ఊపిరితిత్తుల్లోకి వెళ్తుంది కాబట్టి కొంచెమే సరిపోతుంది. ఆయాసానికి వాడే సాల్బుటమాల్ మందు ఒక పఫ్‌లో మామూలుగా 100 మైక్రోగ్రాములుంటుంది. అదే మందు 4 మిల్లీగ్రాముల మాత్రగా వేస్తే దానికి 40 రెట్లు ఒంట్లోకి వెళ్తుంది. దయచేసి ఇన్‌హేలర్‌ను ఇంట్లో బీరువాలో దాచకండి. పేరు రాసి బ్యాగులో పెట్టండి, వీలైతే ఇంకొకటి ఆఫీస్ రూమ్‌లో ఇవ్వండి. ఆటకు ముందు వాడాలని డాక్టర్ చెప్పి ఉంటే ఆ సంగతీ ఫారంలో రాయండి.

ఫిట్స్ వచ్చినప్పుడు మా సిబ్బంది చేతిలో తాళాల గుత్తి పెట్టరు, నోట్లో చెంచా పెట్టరు. బిడ్డను పక్కకు తిప్పి పడుకోబెట్టి టైమ్ చూస్తారు. 5 నిమిషాలు దాటితే 108కి ఫోన్ చేస్తారు. ఇంటి దగ్గర మీరూ ఇలాగే చేయండి. ఫిట్స్ ఉన్న పిల్లలు కాలవలో గానీ కృష్ణలో గానీ ఒంటరిగా ఈతకు దిగకూడదు.

ఇక దెబ్బల సంగతి. మడమ బెణికిన రోజున బామ్ రుద్దడం, వేడి కాపడం పెట్టడం వల్ల వాపు పెరుగుతుంది. గుడ్డలో చుట్టిన ఐస్ 15, 20 నిమిషాలు పెట్టి, కాలు ఎత్తులో ఉంచండి. ఎముక విరిగిందని అనుమానం వస్తే ముందు ఎక్స్‌రే తీయించండి. పుత్తూరు కట్టు మీద మనవాళ్లకున్న నమ్మకం నాకు తెలియనిది కాదు. కానీ ఏ కట్టయినా మరీ బిగుతైతే రక్తం ఆడదు. పైగా ఎదిగే పిల్లల ఎముకల చివర్లు దెబ్బతింటే ఆ ఎముక ఎదుగుదలే వంకర పోవచ్చు.

తలకు దెబ్బ తగిలితే, బిడ్డ ‘బాగానే ఉన్నా’ అన్నా సరే, ఆ రోజుకు ఆట ఆపేస్తాం. ఫైనల్ అయినా ఇదే రూల్. ఈ విషయంలో దయచేసి పీఈటీ గారిని ఒత్తిడి చేయకండి. ఆ రాత్రి వాంతులైనా, తలనొప్పి పెరిగినా, లేపితే లేవనంత మగతగా ఉన్నా తెల్లవారేదాకా ఆగకుండా ఆస్పత్రికి తీసుకెళ్లండి.

బెజవాడ ఎండ మీకు కొత్త కాదు. ప్రాక్టీస్ అంతా ఉదయం పూటే. పెద్ద నీళ్ల సీసా ఇచ్చి పంపండి. జ్వరంతో ఉన్న బిడ్డను మాత్రం పంపొద్దు.

కొత్త ఫారాలు ఈ వార్తాలేఖతో పాటే వస్తున్నాయి. శనివారంలోగా నింపి క్లాస్ టీచర్‌కు ఇవ్వండి. రాయడానికి మనసొప్పకపోతే, బడి వదిలాక ఏ రోజైనా నా గదికి వచ్చి నాతోనే చెప్పండి.

ఇట్లు,
మీ ప్రధానోపాధ్యాయురాలు,
విజయవాడ