ఒరే, అగ్నిహోత్రావధాన్లు దొరికాడు

ఒరే బావా,

నీ ఉత్తరం వచ్చి రెండు నెలలు దాటింది, జవాబు రాయలేదని తిట్టుకునే ఉంటావు, సారీ రా. అమ్మ బావుంది, ఇల్లు మారాం, మిగతాదంతా మామూలే. అసలు సంగతి వేరే ఉంది, ఎవరికో ఒకరికి చెప్పకపోతే నిద్రపట్టేలా లేదు.

కన్యాశుల్కం నాటకం వేస్తున్నాం, నాది అగ్నిహోత్రావధాన్లు వేషం. నెలరోజులుగా నేను చేసిందల్లా రంకెలెయ్యడమే. కోపిష్టి కదా! చిన్నకూతురు సుబ్బిని డబ్బు తీసుకుని ముసలి లుబ్ధావధాన్లుకి ఇవ్వొద్దని పెళ్ళాం వెంకమ్మ, బావమరిది కరటకశాస్త్రి అడ్డం పడుతుంటే అరవక ఏం చేస్తాడు అనుకున్నా. మొన్న మాస్టారు రిహార్సల్ మధ్యలో ఆపేసి, "కోపం నటించకు, అది దానంతటదే వస్తుంది. ఈయనకి ఇప్పుడు ఏం కావాలి?" అన్నారు.

డబ్బు అన్నాను. "డబ్బిచ్చే లుబ్ధావధాన్లు ఈ ఇంట్లో లేడుగా, ఎదురుగా ఉన్నవాళ్ళ దగ్గర్నించి ఏం కావాలి?" అన్నారు. నా మాట నెగ్గాలి అన్నా. కొంచెం నయం, ఇంకా లోపలికి వెళ్ళు అన్నారు. ఇదంతా రష్యన్ నాటక దర్శకుడు స్టానిస్లావ్‌స్కీ చెప్పిందేనట, పాత్రకి ఆ క్షణంలో కావాల్సిందానికి ఆయన వాడిన రష్యన్ మాట జదాచా, లెక్కల పుస్తకంలో లెక్కని కూడా వాళ్ళు అదే మాటంటారట, వినగానే నువ్వే గుర్తొచ్చావు!

మర్నాడు డైలాగులన్నీ వెంకమ్మ కళ్ళలోకి చూస్తూ చెప్పమన్నారు. చూశాను. ఆవిడ చేతిలో మజ్జిగ చెంబు, ఆవిడ భుజం మీదుగా గుమ్మంలో బుచ్చమ్మ. ఒరే, నా గొంతు పట్టేసింది. పెద్దకూతురు, ఈయన చేసిన పెళ్ళివల్లే విధవై పుట్టింట్లో ఉంది. నెలరోజుల్లో ఆ గుమ్మం వైపు ఒక్కసారి కూడా చూడలేదు నేను. అవధాన్లు కూడా చూడడు, అదీ సంగతి! బుచ్చమ్మ గతేంటని ఎవరూ అడగకూడదు, ఆ మాట నోట్లోంచి రాకముందే నొక్కెయ్యాలి, అదీ ఆయనకి కావాల్సింది.

అది పట్టుకున్నాక సీనే మారిపోయింది. మొదట మామూలు గొంతుతో దాటేద్దామని చూశా, పని చెయ్యలేదు, కోర్టు దావా మీదకి మళ్ళించా, వాళ్ళు వదల్లేదు, బెదిరించా, వెంకమ్మ కదల్లేదు. అప్పుడిక తింటున్న విస్తరి ఎత్తడం తప్ప దారి లేకపోయింది. నేను అరిచింది ఒక్కసారే. మామూలుగా అక్కడ నవ్వే కుర్రాళ్ళు కూడా నవ్వలేదు రా. 1892లో విజయనగరంలో మొదటిసారి ఆడినప్పుడు ఈ వేషం వేసినాయన ఎటు చూశాడో అని రాత్రంతా అదే ఆలోచన.

ఒక్కటి మాత్రం తేలలేదు. వెంకమ్మ నూతిలో పడిందని కేక వినపడగానే ఆయనకి ఏం కావాలి? ఆవిడ బతకాలనా, లేక నలుగురికీ తెలియకూడదనా? రెండూ చేసి చూశా. మొదటిదైతే కాళ్ళు వాటంతటవే పరిగెడుతున్నాయి, రెండోదైతే ముందు వీధి తలుపు వైపు చూస్తున్నాను, అలా చూసినందుకు నాకే ఒళ్ళు జలదరించి... ఉండు, కింద ఆటో హారన్ కొడుతోంది, రిహార్సల్‌కి టైమైపోయింది. ఆదివారం షో, నువ్వు రావాలి, వచ్చి తీరాలి, మిగతాది