పాత కార్లు, ట్రక్కుల పునరుద్ధరణ సంఘం: వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది మన షెడ్డులో ఎక్కువ పని ఒక ట్రక్కు చుట్టూనే జరిగింది. అందుకే నివేదికలోనూ దానికే ఎక్కువ చోటు ఇస్తున్నాను. కారునైతే ఇంట్లోవాళ్లు ముచ్చటపడి దాచుకుంటారు. ట్రక్కుకు ఆ భాగ్యం ఉండదు. మోసినన్నాళ్లు బరువు మోసి, ఇక చేతకానప్పుడు నేరుగా తుక్కులోకి పోతుంది. ఒకప్పుడు లక్షల్లో తయారైన మోడళ్లలో కూడా ఇవాళ అన్ని భాగాలూ ఉన్న బండి దొరకడం గగనం. ఒళ్లు వంచి పనిచేసిన బండ్లను కాపాడటం మన సంఘం చేయాల్సిన మొదటి పని అని కార్యవర్గం అభిప్రాయం.

మన చేతికి వచ్చింది 1940ల చివరినాటి షెవ్రొలె. 216 క్యూబిక్ అంగుళాల ఆరు సిలిండర్ల పెట్రోల్ ఇంజిన్. వచ్చేసరికి ఇంజిన్ పూర్తిగా జామ్ అయి ఉంది. ప్లగ్గులు తీసి, ఆటోమేటిక్ గేర్‌బాక్సులకు వాడే ఆయిల్‌లో అసిటోన్ కలిపి సిలిండర్లలో పోసి వదిలేశాం. అప్పుడప్పుడు ఇంజిన్ చివరనుండే బరువైన చక్రం, ఫ్లైవీల్‌ను అటూ ఇటూ కదిపి చూస్తూ వచ్చాం. ఇక్కడ తొందర పనికిరాదు. ఒకే వైపు బలం పెడితే పిస్టన్ రింగులు విరుగుతాయి, పిస్టన్‌ను క్రాంక్‌కు కలిపే కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది. రెండు వైపులా వెంట్రుకవాసి ఆడినా చాలు, ఆయిల్ ఇంకాస్త లోపలికి దిగుతుంది. అలా ఆడీ ఆడీ క్రాంక్, అంటే పిస్టన్లు తిప్పే ఇరుసు, ఒక పూర్తి చుట్టు తిరిగిన రోజు షెడ్డులో ఉన్నవాళ్ల సంతోషం ఇంతా అంతా కాదు.

ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే ఆయిల్ పాన్ దించాక కొత్త సభ్యులకు మంచి పాఠం దొరికింది. ఈ ఇంజిన్‌లో కనెక్టింగ్ రాడ్ల బేరింగులకు ఇప్పటి ఇంజిన్లలోలా ప్రెషర్‌తో ఆయిల్ అందదు. రాడ్డు అడుగున చిన్న గరిటెలాంటి డిప్పర్ ఉంటుంది. అది తిరుగుతూ తొట్టిలోని ఆయిల్ తోడుకుంటుంది. వేగం పెరిగాక నాజిల్‌లోంచి చిమ్మే ధార ఆ డిప్పర్‌కే వచ్చి తగులుతుంది. బేరింగులు కూడా ఊడదీసి కొత్తవి వేసుకునే షెల్స్ కావు. బ్యాబిట్ అనే మెత్తటి మిశ్రమ లోహాన్ని కరిగించి రాడ్డులోనే పోసినవి. అరిగితే క్యాప్ దగ్గరున్న పల్చటి షిమ్‌లు ఒక్కొక్కటీ తీస్తూ, బిగిస్తూ, క్రాంక్‌ను తిప్పి చూస్తూ సరిచేసుకోవాలి. ఎంత బిగువు సరైనదో చేతికి తెలియాలి. పుస్తకంలో చదివితే వచ్చేది కాదు. ఈ పని తెలిసిన మన పెద్ద సభ్యులు ఓపిగ్గా పక్కన కూర్చుని నేర్పించారు, వారికి సంఘం తరఫున కృతజ్ఞతలు. ఆ పాఠాలను వీడియో తీసి పెట్టాం.

అసలు చర్చ మొదలైంది డోరు దగ్గర. పై రంగును వాటర్ పేపర్‌తో తడిపి రుద్దుతుంటే, రెండు పొరల కింద బ్రష్‌తో రాసిన అక్షరాలు బయటపడ్డాయి. బండి మొదటి యజమాని పేరు, దాని కింద మోయాల్సిన బరువు. అక్షరాల అంచున సన్నటి ఎర్ర గీత, మలుపు దగ్గర బ్రష్ ఆగి మళ్లీ మొదలైన గుర్తు కూడా కనిపిస్తోంది. బండి మొత్తానికి కొత్త రంగు వేయాలని కొందరు, ఆ డోరు అలాగే ఉంచాలని కొందరు పట్టుబట్టారు. మొదటి పక్షం మాటలోనూ న్యాయం ఉంది. ఫ్యాక్టరీ నుంచి తళతళలాడుతూ వచ్చిన బండిని అలాగే చూడాలనుకోవడం తప్పేమీ కాదు. అయినా నా ఓటు ఉంచడానికే. రంగు ఎప్పుడైనా వేయొచ్చు, ఆ చేతిరాతను మాత్రం మళ్లీ రప్పించలేం. పాత వాహనాల అంతర్జాతీయ సమాఖ్య ఫీవా 2012లో ఆమోదించిన ట్యూరిన్ చార్టర్ కూడా, బండి తన బతుకులో మోసుకొచ్చిన ఆనవాళ్లకు విలువ ఇవ్వాలనే అంటుంది. చివరికి డోర్లకు మైనం పూత మాత్రం వేసి వదిలేయాలనీ, తుప్పు తినేసిన క్యాబిన్ ఫ్లోరుకు కొత్త రేకు వెల్డింగ్ చేసి, ఆ రేకు అడుగున మార్చిన సంవత్సరం గుద్దాలనీ నిర్ణయించాం. రేపు ఎవరు విప్పినా ఏది పాతదో, ఏది మనం వేసిందో తెలియాలి.

తుప్పు వదిలించే తరగతులకు మంచి స్పందన వచ్చింది. ప్లాస్టిక్ తొట్టిలో వాషింగ్ సోడా కలిపిన నీళ్లు, బ్యాటరీ చార్జర్, పాత ఇనుప ముక్కలు ఉంటే చాలు. నెగటివ్ వైరు తుప్పు పట్టిన భాగానికి, పాజిటివ్ వైరు ఇనుప ముక్కకు. తుప్పు ఊడి వస్తుంది, మంచి లోహం జోలికి పోదు. పాజిటివ్ వైపు స్టెయిన్‌లెస్ స్టీల్ మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ పెట్టొద్దు, విషపూరితమైన క్రోమియం నీళ్లలోకి దిగుతుంది. హైడ్రోజన్ వస్తుంది కాబట్టి ఈ పని ఆరుబయటే చేయాలి.

కార్లలో ఎక్కువగా వచ్చిన ఫిర్యాదులు రెండు. ఒకటి, ఆరు వోల్టుల బండ్లు నీరసంగా స్టార్ట్ కావడం. చాలావాటిలో పన్నెండు వోల్టులకు సరిపోయే సన్నటి కేబుల్ వేసి ఉంది. అదే శక్తి రావాలంటే ఆరు వోల్టుల్లో కరెంటు రెట్టింపు పారాలి, కాబట్టి లావు కేబుల్, శుభ్రమైన ఎర్త్ ఉండాలి. ఇవి సరిచేస్తే చాలా బండ్లకు పన్నెండు వోల్టులకు మార్చే అవసరమే రాదు. రెండోది, ఇథనాల్ కలిసిన పెట్రోల్‌కు పాత రబ్బరు పైపులు మెత్తబడి లీకవడం. ఇథనాల్‌ను తట్టుకునే పైపులు వేయించుకోండి, వాయిదా వేయొద్దు. వేడి ఇంజిన్ మీద పెట్రోల్ చుక్క పడితే బండి మొత్తం పోతుంది.

భద్రత విషయంలో కార్యవర్గం ఈ ఏడాది కఠినంగానే ఉంది, ఇకపైనా ఉంటుంది. పాత బ్రేక్ లైనింగుల్లో ఆస్‌బెస్టాస్ ఉంటుంది కాబట్టి డ్రమ్ము విప్పాక గాలి కొట్టి దుమ్ము దులపడం నిషేధం. పాత రంగుల్లో సీసం ఉంటుంది, పొడిగా రుద్దొద్దు. టైరును రిమ్ముకు పట్టి ఉంచే లాక్ రింగు ఉన్న ట్రక్కు చక్రాలకు ఇనుప పంజరంలో పెట్టకుండా గాలి ఎక్కించకూడదు. ఆ రింగు ఎగిరి మనుషులు చనిపోయిన సందర్భాలు ఉన్నాయి. షెడ్డుకు కొత్తగా వచ్చేవారికి ఈ మూడూ చెప్పాకే పానా చేతికిస్తున్నాం.

జమాఖర్చుల పట్టిక విడిగా జతచేశాం.

సర్వసభ్య సమావేశం ముందు రెండు తీర్మానాలు పెడుతున్నాం. ఒకటి, ఏ బండినైనా విప్పే ముందు ప్రతి భాగాన్నీ ఫొటో తీసి, నట్లు, బోల్టులు పేరు రాసిన సంచుల్లో కట్టడం తప్పనిసరి చేయడం. రెండు, వచ్చే ఏడాది ట్రక్కుకు బ్రేకులు, స్టీరింగ్ పూర్తయ్యాకే ఇంజిన్‌ను రోడ్డు మీద పరీక్షించడం. బ్యాబిట్ పోత నేర్చుకోవాలనుకునేవారు సమావేశానికి ముందే తమ పేర్లు కార్యదర్శికి ఇవ్వగలరు.