డబ్బా మీద నంబరు మాదే, లోపల సిలిండర్ మాది కాదు

కస్టమర్ కేర్ మేనేజర్ గారికి,

నమస్తే సార్. మాది నెల్లూరు జిల్లా పొదలకూరు పక్కన పల్లె, నిమ్మతోటల మీద బతికేవాళ్ళం. మా పాత ఫోర్ వీల్ డ్రైవ్ జీపుకి మీ కాడ ఆన్‌లైన్‌లో క్లచ్ మాస్టర్ సిలిండర్ (పెడల్ తొక్కితే ఆయిల్‌ని పైపులోకి తోసేది) తెప్పించుకున్నాం. మీరు పంపింది మా బండిది కాదు, మార్చమంటే "బిగించిన పార్టు వాపసు తీసుకోం" అని ఒక మెసేజ్ పెట్టి కంప్లైంట్ క్లోజ్ చేసేశారు. మా సమస్య అట్టే ఉంటే అది ఎట్టా క్లోజ్ అయిద్దో నాకు అర్థం కాలా, అందుకే మొత్తం రాస్తా ఉన్నా, బండ్ల పని తెలిసిన వాళ్ళెవరన్నా మీ ఆఫీసులో ఉంటే వాళ్ళకి చూపించండి.

పాత సిలిండర్‌లో రబ్బర్ కప్పులు పోయి, బ్రేక్ ఆయిల్ పెడల్ రాడ్ వెంబడి కారి కాళ్ళ కింద మ్యాట్ మీద పడతా ఉండింది, అది తగిలిన చోటల్లా పెయింటు ఉబ్బి ఊడొచ్చింది. కొత్త కప్పుల కిట్ వేసినా నిలవదు, లోపల తుప్పు తిని గుంటలు పడింది, సిలిండరే మార్చాలన్నాడు మెకానిక్. మీ సైట్‌లో మోడల్, సంవత్సరం, పార్టు నంబరు అన్నీ కొట్టి, "మీ బండికి సరిపోతుంది" అని చూపించినాకే డబ్బులు కట్టాం. డబ్బా మీద నంబరూ అదే. పైకి చూస్తే పాతదానికీ కొత్తదానికీ తేడా లేదు, అవే బోల్టు రంధ్రాలు, అదే పైపు నట్టు.

బిగించి, కొత్త సీసా డాట్ 3 బ్రేక్ ఆయిల్ పోసి, ఒకరు పెడల్ తొక్కి పట్టుకుంటే ఒకరు కింద స్లేవ్ సిలిండర్ (ఆ ఆయిల్ తోపుకి కదిలి క్లచ్‌ని విడదీసేది) నిపుల్ వదులు చేసి, బుడగ రానిదాకా ఎయిర్ తీశారు. అయినా పెడల్ నేలకానేదాకా తొక్కినా క్లచ్ పూర్తిగా విడవదు, రివర్స్ వేస్తే గరగరమంటది, ఫస్ట్ గేర్ వేస్తే క్లచ్ తొక్కి ఉన్నా బండి ముందుకి గుంజుద్ది. పెడల్ పుష్ రాడ్ ప్లే (వదులు) సరిచేశారు, పైపు చూశారు, స్లేవ్ చూశారు, ఎక్కడా చెమ్మ లేదు. చివరికి డౌటొచ్చి సిలిండర్ ఊడదీసి అడుగున నల్ల పెయింటు గీకితే ఉబ్బెత్తు అంకెలు బయటపడ్డాయి, 5/8 అని, అది అంగుళాల్లో సైజు. పాతదాని మీద అదే చోట 3/4 ఉంది.

అంటే లోపల బోరు (రంధ్రం వెడల్పు) 19.05 మిల్లీమీటర్లు ఉండాల్సింది 15.87 ఉంది. ఆ కాస్త తేడాకి ఏమయిద్దిలే అనుకోవద్దు సార్, పిస్టన్ 30 మిల్లీమీటర్లు కదిలితే మాది ఎనిమిదిన్నర మిల్లీలీటర్ల ఆయిల్ తోసిద్ది, మీరు పంపింది ఆరు కూడా తొయ్యదు. దగ్గర దగ్గర 30 శాతం తక్కువ. ఇంక స్లేవ్ ఏం కదులుద్ది, క్లచ్‌ని విడదీసే ఫోర్కునేం నెట్టుద్ది? ఇది తెలియక రాపూరు దాటి చిట్వేలి ఘాట్‌లో బరువుతో దిగేటప్పుడు గేరు మార్చబోయి పడకపోతే బండి న్యూట్రల్‌లోనే జారుద్ది, బ్రేకులు తప్ప ఆధారం ఉండదు. మనుషుల ప్రాణాలతో పని ఇది.

బిగించి తొక్కి చూస్తే గాని తప్పు తెలియని వస్తువుని, బిగించారు కాబట్టి తీసుకోం అంటే ఏం న్యాయం? నిమ్మకి రేటుండే ఎండాకాలం బండి షెడ్డులో పెట్టి, బస్తాలు బాడుగ ఆటోలో మార్కెట్‌కి తోలతా ఉన్నాం, ఆ ఖర్చు కూడా మీరు పంపిన సరుకు వల్లనే.

నేనడిగేది 3/4 బోరు సిలిండర్ మీ ఖర్చుతో పంపండి, లేదంటే డబ్బులు వాపసు ఇవ్వండి, రెండుసార్లు విప్పి బిగించిన కూలీ, ఆయిల్ డబ్బులు కూడా కట్టండి. ఇంకో మాట, ఆ నంబరుతో మీ గోడౌన్‌లో ఉన్న డబ్బాలన్నీ విప్పి చూసుకోండి, మాకొచ్చిందే ఇంకొకరికీ పోయుంటది.

2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీ ఆఫీసు ఏ ఊళ్ళో ఉన్నా మేముండే జిల్లాలోనే కేసు వేసుకోవచ్చు. ముందు వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తా, అక్కడా తేలకపోతే నెల్లూరు వినియోగదారుల కమిషన్‌కి పోతా. రెండు సిలిండర్ల అంకెల ఫోటోలు, బిల్లు, మెకానిక్ రాసిచ్చిన కాగితం దీంతో జతచేశా. మీ సిలిండర్ అదే డబ్బాలో కట్టిపెట్టా, మనిషిని పంపితే ఇచ్చేస్తాం.

ఇట్లు,
మీ కస్టమర్,
పొదలకూరు మండలం, నెల్లూరు జిల్లా