ఖాళీ సమ్మతి పత్రాలు ఆపండి

సంపాదకులకు,

సర్జన్ల మీద వినియోగదారుల కమిషన్‌లో పడే కేసుల్లో చాలాసార్లు కత్తి కన్నా కాగితమే కొంప ముంచుతోంది. ఆపరేషన్‌కు ఒప్పుకుంటున్నట్టు అడ్మిషన్ కౌంటర్లోనే ఖాళీ సమ్మతి ఫారం మీద సంతకం చేయించుకుంటారు. ఏ ఆపరేషన్, ఎవరు చేస్తారు, ఏ మత్తు, ఏ ప్రమాదాలు అన్న గడులు తర్వాత ఎవరో నింపుతారు. ఇది రోగికి జరిగే అన్యాయం.

లాపరోస్కోపీ (చిన్న గాటు ద్వారా కెమెరాతో కడుపు లోపల చూడటం) పరీక్షకిచ్చిన సమ్మతితో గర్భసంచి తీయడం చెల్లదని 2008లోనే సుప్రీంకోర్టు తేల్చింది. ఆ కేసులో రోగి మత్తులో ఉండగా ఆమె తల్లితో పెట్టించుకున్న సంతకమూ చెల్లలేదు. ప్రాణాపాయం ఉంటే మాత్రం మినహాయింపు.

రోగి తన వైద్య రికార్డులు అడిగితే 72 గంటల్లో ఇవ్వాలన్నది నిబంధన. తిప్పించుకుంటే అనుమానం కాస్తా ఫిర్యాదవుతుంది. సమ్మతి పత్రం తెలుగులో ఉండాలి. ముందురోజే సర్జన్ స్వయంగా వివరించి, తేదీ, సమయం వేసి సంతకం తీసుకోవాలి.

- ఒక పాఠకుడు, గుంటూరు